ఏడో సొరంగంలో గాలి

కరగండా బొగ్గు గనిలో గాలికి రుచి ఉంటుంది.

నాలుక మీద తుప్పు. తడి బొగ్గు.

ఇరవై ఏళ్లు ఆ గాలిని కొలిచింది రౌషాన్. అరచేతిలో చిన్న పంకా పట్టుకుని, సొరంగం సొరంగం తిరిగి.

ఈ ఏడాది ఆ పని గింజలకు అప్పజెప్పారు.

బియ్యపు గింజంత పరికరాలు. గుండీ అంత బ్యాటరీతో మూడేళ్లు బతుకుతాయి. లోపల వెచ్చని తీగ ఒకటి — గాలి తగిలితే చల్లబడుతుంది. ఎంత చల్లబడితే అంత గాలి.

సొరంగానికొకటి చొప్పున పన్నెండూ తన చేత్తోనే బిగించింది. ఇప్పుడు పైన గదిలో కూర్చుని తెర మీద అంకెలు చూస్తుంది.

మంగళవారం పొద్దున పదకొండింటికి ఏడో అంకె జారింది.

సెకనుకి ఒకటిన్నర మీటర్లు... ఒకటి... సున్నా పాయింట్ మూడు.

గాలి ఆగితే మీథేన్ పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు, పేలడానికి. ఏడో సొరంగంలో ఇద్దరున్నారు.

సొరంగం మొదట్లో ఉన్న ఫోర్‌మన్ తొలెగెన్‌కి ఫోన్ చేసింది.

"బాబాయ్, ఏడులో గాలి లేదు. మనుషుల్ని బయటికి లాగెయ్."

"దుమ్ము పట్టి ఉంటుందిలే అమ్మాయ్. నీ గింజకి తుమ్మొస్తే మేం పని ఆపాలా?"

"అది అబద్ధం చెప్పదు బాబాయ్."

ఫోన్‌లో అతని వెనక నుంచి తన తమ్ముడు మర్లెన్ గొంతు. "నేను వెళ్లి తుడిచొస్తాలే అక్కా! ముక్కు కూడా చీదించమంటావా?"

నవ్వులు.

నవ్వుతూనే లోపలికి వెళ్లాడు.

పది నిమిషాలు...

బల్ల మీద గ్లాసులో టీ వణికింది. ఆ తర్వాతే పేలుడు చప్పుడు.

లోపలున్న ముగ్గురి కోసం రక్షణ దళం రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ మంట వెనక్కి తరిమింది.

మర్నాడు మధ్యాహ్నం గని ఇంజనీరు గదికి వచ్చి రౌషాన్‌ని ఒక్కటే అడిగాడు.

"ఏడు ఎంత చూపిస్తోంది?"

"సున్నా."

"అయితే లోపల ఊపిరికి గాలి లేదు. మంట పాకకముందే గోడ కట్టి సొరంగం మూసెయ్యాలి."

"మసి పట్టిందేమో సార్. మసి పడితే గాలి ఉన్నా దానికి తెలీదు."

"అబద్ధం చెప్పదని నిన్న నువ్వే అన్నావట?"

ఆ మాట చేరవేసిన తొలెగెన్ పక్కనే తల దించుకున్నాడు.

గోడకి అనుమతి కాగితం రౌషాన్ ముందుకు జరిగింది. కళ్లకు కనిపించింది సున్నాయే. సున్నా అని రాసింది. సంతకం పెట్టింది.

గోడ లేచింది.

మూడో రోజు ఇంటినిండా ఆడవాళ్లు. పోయినవాళ్ల కోసం రొట్టెలు వేయిస్తున్న నూనె వాసన. ఉండలేక గని దగ్గర తన గదికి వచ్చేసింది రౌషాన్.

తెర మీద ఏడు.

సున్నా.

సున్నా.

సున్నా పాయింట్ రెండు.

మళ్లీ సున్నా... మళ్లీ పాయింట్ రెండు.

"గోడలో సందు ఉంటుంది," అన్నాడు ఇంజనీరు. "మంట ఆరేటప్పుడు పొగ కదులుతుంది."

కావచ్చు. గింజ మీద ఎవరిదో ఊపిరి తగులుతూ ఉండొచ్చు. ఏదైనా కావచ్చు.

గుమ్మంలో తొలెగెన్. మూడు రోజులుగా అవే బట్టలు. ఆ అంకెను చూశాడు.

"గోడ కట్టించింది నేనే. ఎక్కడ పల్చనో నాకు తెలుసు."

ఇంజనీరు తలుపుకి అడ్డం నిలబడ్డాడు. "తెరిస్తే లోపలికి గాలి పోతుంది. ఆరిన మంట లేస్తుంది. పక్క సొరంగంలో దళం వాళ్లు పద్దెనిమిది మంది ఉన్నారు."

తొలెగెన్ కదల్లేదు.

"నువ్వు చెప్పమ్మాయ్. నీ మాట ఈసారి వింటాను."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

రౌషాన్ తెర మీంచి కళ్లు తియ్యలేదు.

సున్నా.

సున్నా పాయింట్ రెండు —