పదహారు రోజుల బేరం

మాలకొండయ్య దగ్గర ఉన్నవి ఐదు తాళంచెవులు, భుజం మీద ఒక తువాలు, అంతే. చెప్పులు ఎక్కడ విడిచాడో గుర్తు లేదు, కాళ్ల కింద నేల ఒక అడుగు సంత మట్టిలా, ఇంకో అడుగు అప్పుడే దున్నిన చాలులా తగులుతోంది. చుట్టూ పశువుల సంతే, నలభై ఏళ్లుగా తను ఎడ్లు కొని అమ్మిన సంతే, కానీ మనుషులకు మొహాలు లేవు, అరుపులు నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టున్నాయి, కట్టుకొయ్యల వరస అలా పోయి పోయి ఏదో పెద్ద నది ఒడ్డున ఆగిపోతోంది. ఆ నది కృష్ణ కాదు, గుండ్లకమ్మ కాదు. ఒడ్డున తెల్లటి ఎడ్ల జత కట్టి దున్నుతున్న మనిషి తిరుపాలు మాస్టారు.

మాస్టారు పోయి ఏడేళ్లయింది. పాడె మోసిన నలుగురిలో మాలకొండయ్య ఒకడు. కాబట్టి ఇందులో ఏదో మోసం ఉందని అతనికి వెంటనే తోస్తుంది. మనిషి సంగతి తర్వాత చూద్దామని ముందు ఎడ్ల దగ్గరికి పోయి, పెదవి ఎత్తి పళ్లు చూస్తాడు. లేత వయసువి, వంక పెట్టడానికి లేదు. అదే అతనికి నచ్చదు.

"ఎవరివి మాస్టారూ ఇయ్యి?"

"సిన్సినాటస్ గారివిరా. కాస్త చూస్తుండమని రోముకు పోయాడు. పదహారు రోజుల్లో వస్తానన్నాడు."

"వస్తాడంటారా?"

"తొమ్మిదో తరగతిలోనూ ఇట్టాగే అడిగావు."

అడిగాడు నిజమే. మాస్టారు ఏటా చెప్పే పాఠం అది: రోము సైన్యాన్ని శత్రువులు చుట్టుముడితే పెద్దలు పరుగున పొలానికి వచ్చి, నాగలి పట్టుకున్న సిన్సినాటస్‌కు ఆరు నెలల పాటు సర్వాధికారం ఇచ్చారు, అతను పదహారు రోజుల్లో పని ముగించి, అధికారం తిరిగిచ్చేసి, మళ్లీ నాగలి పట్టాడు. తరగతంతా నోరు తెరుచుకుని వింటుంటే మాలకొండయ్య లేచి, "ఇంకా అయిదున్నర నెలలు చేతిలో ఉండగా ఎవడన్నా ఇచ్చేస్తాడా సార్? లోపల ఏదో ఉంటది" అన్నాడు. ఆ పూటంతా బెంచీ మీద నిలబడ్డాడు.

తర్వాత పెద్ద కరువు వచ్చిన ఏడాది ఊరి ఐదు బోర్ల తాళాలు ఆరు నెలలకని మాస్టారి చేతికే ఇచ్చారు. ఎవరికి ఎన్ని బిందెలో ఆయన మాటే చట్టం. పదహారో రోజు వాన పడింది. ఆ సాయంత్రమే ఆయన తాళాలు పంచాయతీ బల్ల మీద పెట్టి ఇంటికి పోయాడు. లోపల ఏదో ఉంటదని టీ కొట్టు దగ్గర మొదట అన్నది మాలకొండయ్యే. ఆ మాట మాస్టారు పోయేదాకా ఆయన వెంట తిరిగింది.

ఈ వేసవిలో అవే తాళాలు మాలకొండయ్యకు వచ్చాయి. వాన పడి పంతొమ్మిది రోజులైనా ఇంకా తిరిగివ్వలేదు. తెల్లారితే పంచాయతీ సమావేశం. ఇంకో ఆరు నెలలు తన దగ్గరే ఉంచమని అడగబోతున్నాడు.

"అయితే నన్ను ఆరా తీయటానికి వచ్చావన్నమాట" అంటాడు మాస్టారు, ఎడ్లను ఆపకుండానే.

"మీరే వచ్చారు. కల నాది."

"పొలం మాది."

"ఒక్క మాట చెప్పండి మాస్టారూ. ఏం చూసుకుని ఇచ్చేశారు? సర్పంచి బెదిరించాడా? మీ అబ్బాయికి ఉద్యోగం ఇప్పిస్తామన్నారా?"

"నాకు అబ్బాయే లేడు కదరా."

"చూశారా, మాట తప్పిస్తన్నారు."

మాస్టారు నాగలి మేడి వదిలి వస్తాడు. "నువ్వు నోటిమాట నమ్మే రకం కాదు. తువాలు వెయ్యి."

సంతలో ఎడ్ల ధర పైకి చెప్పరు. ఇద్దరి చేతుల మీద తువాలు కప్పి, పక్కవాడికి తెలియకుండా వేళ్లు పట్టి చెప్పుకుంటారు. మాలకొండయ్య మాత్రం వేళ్లకన్నా అరచేతిని ఎక్కువ చూసుకుంటాడు. ఎదుటివాడికి ఎద్దు మీద ఎంత ఆశ ఉందో చెమట చెప్పేస్తుంది. అది తెలిశాక బేరం ఇతనిదే. నలభై ఏళ్లలో ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు.

తువాలు కప్పి మాస్టారి చెయ్యి అందుకుంటాడు. ఎక్కడెక్కడో తిరుగుతున్న సంత అంతా వచ్చి చుట్టూ మూగి నిలబడుతుంది.

"తాళాలు ఇచ్చిన సాయంత్రం. ఇయ్యాలని ఇచ్చారా, ఇయ్యక తప్పకనా?"

తువాలు కింద మెల్లగా చెమట ఊరుతోంది, ముందు జిగటగా, తర్వాత మణికట్టు మీదుగా జారేంతగా.

"దొరికారు మాస్టారూ!" మాలకొండయ్య గొంతు సంతంతా మోగుతుంది. "ఇదుగో చెమట! ఎంత ఆశండీ మీకు!"

"ఒరే, నేను పోయి ఏడేళ్లాయె" అంటాడు మాస్టారు నెమ్మదిగా. "చచ్చినోడికి చెమటెక్కడిది?"

మాలకొండయ్య చెయ్యి లాక్కోబోతాడు. రాదు.

"ఆ సాయంత్రం మాత్రం నాకూ పట్టిందిలే. పదహారు రోజులు ఆడోళ్లంతా బిందెలు పెట్టుకుని నా మొహం వంకే చూశారు. వాన పడి ఊరు ఊరంతా గంతులేస్తంటే నాకొక్కడికే దిగులేసింది. ఆ దిగులు చూసుకుని భయపడ్డా. అందుకని ఇచ్చేశా. లోపల ఏదో ఉంటదన్నావే, నువ్వన్నది నిజమేరా. ఉండింది."

"మరి... ఆయనకో?" మాలకొండయ్య ఎడ్ల వైపు చూపిస్తాడు.

"ఆయన చెయ్యి నేను పట్టుకుని చూడలేదు."

"వదులయ్యా, వేళ్లు విరగ్గొడతావా ఏంది!"

ఆ గొంతు రవణమ్మది, మాలకొండయ్య భార్యది. తెల్లారింది. బయట సన్నగా వాన పడుతోంది, పైన ఫ్యాను తిరుగుతోంది. దుప్పటి కింద ఆమె చెయ్యి అతని గుప్పిట్లో ఉంది.

"ఇంత చలిలో ఈ చెమటేంది? ఒంట్లో బాగుందా?" అంటూ ఆమె చెయ్యి విడిపించుకుని చీరకు తుడుచుకుంది.

"పంతొమ్మిది రోజుల్నుంచి బాగలేదు" అన్నాడు.

లేచి మొలతాడుకున్న తాళాలు విప్పాడు. సమావేశం దాకా ఆగితే మళ్లీ మనసు మారుతుందని తనమీద తనకే అనుమానం. అందుకని మొహం కూడా కడుక్కోకుండా, వానలోనే సర్పంచి ఇంటికి పోయి, నిద్రకళ్లతో తలుపు తీసిన ఆయన చేతిలో వాటిని పెట్టేసి తిరిగొచ్చాడు.

పోయినవి ఐదు తాళాలు, పొద్దున్నే వాకిట్లో తన కోసం నిలబడే జనం, రానున్న ఆరు నెలలు. దక్కింది ఒక పొడి అరచెయ్యి.