దడికి లోపలి మనిషి

ముత్తుకూరు చివర, సముద్రపు గాలి తిన్నగా వచ్చి తగిలే చోట పద్మనాభయ్య కొత్త ఇల్లు కట్టుకున్నాడు. పందొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం, వానలకు ముందు, ఇంటి చుట్టూ దడి కట్టించాలని హెబ్రోనును పిలిపించాడు. హెబ్రోను క్రైస్తవపాలెం మనిషి. పదిహేనేళ్ళు కూలికి దడులు కట్టి, ఆ ఏడే సొంతంగా గుత్తకు పనులు ఒప్పుకోవడం మొదలుపెట్టాడు.

"ముళ్ళతీగ వేయిద్దామనుకుంటా ఉండానురా," అన్నాడు పద్మనాభయ్య.

"వద్దయ్యా. ఈ ఉప్పుగాలికి ఇనుము రెండేళ్ళు ఆగదు. సరుగుడు గుంజలు పాతుదాం. మొదలు కాల్చి పాతితే చెద పట్టదు. ఇసక నేల గదా, మూడడుగులు దిగాల. నడుమ తాటాకు, లోపలొక వెదురుబద్ద, బయటొక బద్ద. గేటు మాత్రం తూరుపుకి వద్దు. గాలి రోజూ దాన్నే కొడతా ఉంటది."

పద్మనాభయ్య తల ఊపుతూ విన్నాడు. తన మాట ఆయన చివరిదాకా వినడం హెబ్రోనుకు అదే మొదటిసారి. లోపల ఏదో వెచ్చగా అనిపించింది.

"బడికి కూడా దడి కట్టించాల. కమిటీకి ప్రెసిడెంటును నేనే. ఇది నిలిస్తే ఆ పని కూడా నీదే," అన్నాడు పద్మనాభయ్య.

బడి దడి అంటే ఊరంతా చూసే పని. అది చేతికొస్తే హెబ్రోను ఇక కూలివాడు కాదు, పనివాడు. ఆ ఆశతోనే మూల కొయ్య కొట్టడానికి లోపలికి అడుగు వేయబోయాడు.

"ఆడే ఉండు," అన్నాడు పద్మనాభయ్య. "నువ్వూ నీ మనుషులూ బయటి పక్క. లోపల బావి ఉండాది, తులసికోట ఉండాది. లోపలికి మా ముత్యాలయ్యను పెడతా. నాకేం పట్టింపు లేదురా. పోయిన ఆగస్టు పదిహేను సభలో అంటరానితనం పోవాలని నేనేం మాట్లాడినానో నువ్వూ విన్నావు. అమ్మ ఉండాది గదా. ముసలి ప్రాణం. ఆమె మనసు నొప్పించలేను."

ఈ పని తెలియని పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. తాటాకు దడి ఒక్కరు కట్టేది కాదు. బయటి మనిషి పొడుగాటి ఇనుపసూదితో తాడు లోపలికి గుచ్చుతాడు. లోపలి మనిషి దాన్ని బద్ద చుట్టూ తిప్పి, బద్ద మీద కాలు తన్నిపెట్టి, బలమంతా పెట్టి లాగి, వెనక్కు పంపుతాడు. బయటివాడు ముడి వేస్తాడు. ముడి బయట పడుతుంది, బిగింపు లోపల పడుతుంది. లోపలి చెయ్యి పని తెలిసినది కాకపోతే ఎంత మంచి ముడి వేసినా అది అలంకారమే.

హెబ్రోనుకు ఇదంతా తెలుసు. అయినా "అట్నే అయ్యా" అన్నాడు. అనాలని అతను అనుకోలేదు. కోపం పుట్టేలోపలే మెడ ఒప్పేసుకుంది. దారి పొడుగునా ఆ మెడనే తిట్టుకుంటూ ఇంటికి వచ్చాడు.

"లోపలివాడు లాగకపోతే దడి ఎట్టా నిలుస్తాది? నీకు తెల్దా?" అంది భార్య నవోమి. ఆమె కూడా అతనితో ఎన్నో దడులకు లోపలి తాడు లాగిన మనిషే.

"నీ కోసం, బిడ్డల కోసం ఒప్పుకున్నాను."

"మా పేరు చెప్పమాక. నేనడిగినానా? ఊ అన్నది నువ్వు."

అతను మర్నాటి పనికి సూదీ తాడూ సర్దుకున్నాడు.

పని మొదలైంది. ముత్యాలయ్య పద్మనాభయ్య ఇంటి పాలేరు. పుట్టి బుద్ధెరిగి సూది పట్టినవాడు కాదు.

"ముత్యాలన్నా, బద్ద మీద కాలు పెట్టి లాగు!"

"లాగినాను గదరా!"

"లాగితే నా చేతికి తెలీదా?"

"ఎద్దు ముకుతాడంటే లాగతా గాని, ఈ సూది యవ్వారం నాకేం తెలుసురా? నన్ను ఎంతైనా తిట్టుకో. అయ్య దగ్గిర మాత్రం చెప్పమాక."

బయట ఉన్నవాళ్ళు నవ్వారు. హెబ్రోను నవ్వలేదు. చేతిలో తాడు వదులుగా ఆడుతోంది. పద్మనాభయ్యను రెండుసార్లు అడిగాడు, ఒక్క పూట లోపలికి వచ్చి బిగించి పోతానని. రెండుసార్లూ "అమ్మ" అన్న మాటే వచ్చింది.

కార్తీకంలో గాలి పట్టింది. తుఫాను కాదు, ఏటా వచ్చే తూర్పుగాలే. లోపలి బద్దలు జారిపోయాయి, తాటాకు లేచిపోయింది, తూర్పు పక్క దడి వాకిట్లోకి ఒరిగి పడింది. తెల్లవారాక పద్మనాభయ్య హెబ్రోనుకు కబురు పెట్టాడు. బడి హెడ్మాస్టరు జయరామయ్యను కూడా రప్పించాడు. దారిన పోయేవాళ్ళు నిలబడ్డారు.

"చూడండి అయ్యవారూ! పాలెమోళ్ళకి పని ఇస్తే ఇట్టా ఉంటది."

హెబ్రోనును పేరు పెట్టి అనలేదు, పాలెమంతటినీ కలిపి అన్నాడు. అడ్డంగా ఉండే దడి నేల మీద పడి ఉన్నా తాను ఇంకా దాని అవతలే నిలబడి ఉన్నానని హెబ్రోను అప్పుడు గమనించాడు. వంగి దడి అంచు ఎత్తి పట్టుకున్నాడు.

"అయ్యవారూ, ఇట్రాండి. ఇది నా ముడి. విప్పండి."

జయరామయ్య గోళ్ళు నొప్పెట్టేదాకా ప్రయత్నించాడు. ముడి కదలలేదు.

"ఇదే తాడు లోపలి పక్క చూడండి."

అక్కడ తాడుకూ బద్దకూ మధ్య రెండు వేళ్ళు దూరాయి.

"నన్ను లోపలికి రానీలేదు. బిగించిన చెయ్యి నాది కాదు. పడింది నా పనా, ఆయన పట్టింపా, మీరే చెప్పండి."

"అమ్మ ఒప్పుకోదని ముందే చెప్పినాను గదరా!" అని అరిచాడు పద్మనాభయ్య. "తల్లిని ఎదిరించమంటావా?"

వసారాలో మంచం మీద కూర్చున్న ఆదిశేషమ్మ తల ఎత్తింది.

"నేనా? నన్నెప్పుడు అడిగినావురా?"

"నువ్వు ఊరుకో అమ్మా."

"ఊరుకునే ఉండా గదా ఇన్నేళ్ళూ! నాకు పట్టింపు లేదని చెప్పను. ఉండాది. కానీ ఈ ఇంట్లో నా మాట యానాడు చెల్లిందిరా, ఈ ఒక్కదానికి చెల్లేదానికి? ఇల్లు యాడ కట్టాలో అడిగినావా? ఈ ఇసకంతా నా కళ్ళల్లో పడతా ఉంటే పట్టించుకున్నావా? నీకు రానియ్యబుద్ధి కాలా. నా నెత్తిన పెట్టినావు."

చూసేవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. పద్మనాభయ్య ముఖం కందిపోయింది.

"సరే, రా. లోపలికొచ్చి కట్టు. పనైనాక పేడనీళ్ళు చల్లించుకుంటాంలే."

"చల్లించుకునే పనైతే నేను రాను," అన్నాడు హెబ్రోను. "నా పని మంచిది కాదని ఊళ్ళో చెప్పినారంటే మాత్రం మళ్ళీ వొస్తా. ఇదే జనాన్ని పిలిచి ఇదే తాడు చూపిస్తా."

వెనుతిరిగి నడిచాడు. కొంత దూరం పోయాక జయరామయ్య వెంట వచ్చి కలిశాడు.

"బాగా చెప్పినావు హెబ్రోనూ. బడి దడి నువ్వే కట్టాలని నా కోరిక. నాకైతే ఏ అభ్యంతరమూ లేదు. కాకపోతే లోపల పిల్లల మంచినీళ్ళ బావి ఉంది. కమిటీలో కొందరు..."

హెబ్రోను ఆగిపోయాడు.

"కొందరంటే ఎవురు అయ్యవారూ?"

"ఉంటారు కదా..."

"పేరు చెప్పండి. కమిటీలో ఉండే మస్తానయ్య గారా?"

"ఆయన ఏమీ అనడు."

"విజయభాస్కర్ గారా?"

"ఆయన... ఊళ్ళోనే ఉండడు."

"మరెవురు? పదండి, ఇప్పుడే ఇంటింటికీ పోయి అడుగుదాం. కాదన్నవాడి మొహం నేను చూడాల. ఇన్నేళ్ళుగా నన్ను బయట నిలబెట్టినోడు ఒక్కడు గూడా నాకు కనపడలా. ఎవుర్ని అడిగినా 'నేను కాదు, వాళ్ళు' అంటారు. ఆ వాళ్ళు యాడుండారు?"

గాలికి ఇసుక ఇద్దరి కాళ్ళ మీదుగా పాకుతోంది. జయరామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. పిల్లలకు ముప్పై ఏళ్ళు నీతి చెప్పిన ఆ మనిషికి ఒక చిన్న వాక్యం పలకడం ఎంతో కష్టమైంది.

"ఎవరినీ అడగలేదు హెబ్రోనూ. ఆ కొందరు... నేనే."

హెబ్రోను ఆయన ముఖంలోకి చూశాడు. కోపం తగ్గలేదు. కానీ అది మొదటిసారి ఒక మనిషి ముందు నిలబడింది.

"రేపు పొద్దున బడికి కొయ్యలు తెస్తా. బావి పక్కనించే మొదలుపెడతా. లోపలికి నవోమి వొస్తాది."

"రండి," అన్నాడు జయరామయ్య. పద్మనాభయ్య ఇంటి వైపు చూసి, "పద్మనాభయ్య గారికి నేనే చెప్తాను," అన్నాడు.

అంటరానితనం మా అమ్మది, మా కమిటీది, మా ఊరిది అని చెప్పుకున్నంత కాలం అది ఎవరి చేతికీ చిక్కదు, ఎన్ని చట్టాలు వచ్చినా చావదు. అది నాది అని ఒక మనిషి నోరు తెరిచి ఒప్పుకున్న రోజే దాని చావు మొదలవుతుంది.