ఎవరూ తొక్కని తెల్లగీతలు

నాకు ముక్కు మీదే కోపం. మా దవాఖాన కాంపౌండరు మొదలుకొని మొగుడంపల్లి బాలింతల దాకా ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. డెబ్బై ఎనిమిదిలో, జహీరాబాద్‌లో నేను నర్సుగా ఉన్న రోజుల్లో, ఊళ్ళో సైకిలెక్కే ఆడదాన్ని నేనొక్కదాన్నే. తెల్లచీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, క్యారియర్‌కి మందుల సంచి కట్టుకుని పోతుంటే "సుగుణమ్మ సిస్టరొస్తుంది, జరుగుండ్రి" అని పిల్లలు కేకలేసేవాళ్ళు. నేను బెల్లు కొట్టేదాన్ని కాదు, తిట్టేదాన్ని. తిట్టు బెల్లు కన్నా దూరం వినిపిస్తుంది.

ఆ రోడ్డును తలచుకుంటే ఇప్పటికీ నాకు ప్రాణం లేచొస్తుంది. చలికాలం పొద్దున అప్పుడే తవ్విన అల్లం వాసన, కోహీర్ నుంచి వచ్చే జామపండ్ల గంపలు, చెరుకు బండ్ల వెనక గడలు లాక్కుంటూ పరిగెత్తే పిల్లలు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీ అప్పటికింకా రాలేదు. కానీ హైదరాబాద్ నుంచి బొంబాయి పోయే లారీలు, బస్సులు అన్నీ ఊరి నడుమ నుంచే పోయేవి. డ్రైవర్లకు మా ఊరు కంటికి ఆనేదే కాదు. నడిచేవాళ్ళూ సైకిలు వాళ్ళూ రోడ్డు దిగి మట్టిలో బతకాలి.

ఆ మాఘంలో వీరప్ప పోయాడు. పచ్చిగడ్డి మోపు సైకిలు మీద పెట్టుకుని అల్లం బజారు మలుపు దగ్గర రోడ్డు దాటుతుంటే లారీ కొట్టింది. నేను వెళ్ళేసరికే ప్రాణం లేదు. చేతిలో మందుల సంచి పెట్టుకుని ఏమీ చేయలేక ఆ రోడ్డు మీద కూర్చున్నాను. భార్య నారమ్మ, కూతురు బస్వమ్మ మిగిలారు. బస్వమ్మకు అప్పుడు అయిదో నెల. మొగుడు షోలాపూర్ మిల్లులో పనికి పోయాడు. అల్లం కడిగే కొట్టం రోడ్డుకు అవతల, ఇల్లు ఇవతల. కూలికి పోవడం, మధ్యాహ్నం తిండికి రావడం కలిపి తండ్రి పోయిన చోటనే రోజుకు నాలుగుసార్లు దాటాలి ఆ పిల్ల.

"సిస్టరమ్మా, పెనిమిటి పాయె. గీ పిల్ల పానమన్న నాకు దక్కెటట్టు చూడు" అంది నారమ్మ, నా చేతులు పట్టుకుని. కాన్పు గురించి అడుగుతోంది అనుకున్నాను. "కాన్పు నేన్ చూసుకుంట, ఫికర్ చెయ్యకు" అన్నాను. "కాన్పు గాదమ్మా, గా రోడ్డు" అంది.

ఊళ్ళో గొడవైంది. తహసీల్దారు గారు ఒక రోడ్డు భద్రతా సలహా సంఘం వేశారు. అయిదుగురం. అధ్యక్షుడు జగన్‌మోహన్ పటేలు, ఆయనకు నాలుగు లారీలు. సైకిళ్ళు అద్దెకిచ్చే గురులింగప్ప ఒకడు. ఇంకో ఇద్దరు చాయ్ తాగడానికి వచ్చేవాళ్ళు, వాళ్ళ పేర్లు నాకు అప్పుడూ గుర్తుండేవి కావు. ఆడవాళ్ళలో ఒకరుండాలని నన్ను పిలిచారు. మొదటి సమావేశమంతా సంఘానికి రబ్బరు ముద్ర ఎట్లా ఉండాలన్న దాని మీదే నడిచింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

రెండో సమావేశంలో పటేలు గొంతు సవరించుకున్నాడు. "అస్సల్ కసూర్ సైకిలోళ్ళదే. ఎన్కకు ముందుకు చూస్తరా? మోపులేసుకొని అడ్డమొస్తరు."

నాకు ఒళ్ళు మండింది. "పటేలా, మీరు ఆఖరుసారి రోడ్డు ఎప్పుడు దాటిన్రు, నడుసుకుంట?"

 గురులింగప్ప చాయ్ గ్లాసులో ముఖం పెట్టి నవ్వాడు.

"రేపు పొద్దుగాల మీ దస్తీ నెత్తికి సుట్టుకొని, ఇరవై కిలోల గంప పెట్టుకొని, మలుపు కాడ దాటుండ్రి. అవుతలికి పోతే నేనే రాజీనామా ఇస్త" అన్నాను.

పటేలు చెడ్డవాడు కాదు, అది కూడా చెప్పాలి. మర్నాడు నిజంగానే వచ్చాడు. గంప లేకుండానే పావుగంట నిలబడ్డాడు. రెండుసార్లు ముందుకొచ్చి వెనక్కి దూకాడు, చెప్పు ఒకటి ఊడిపోయింది. మూడో సమావేశంలో మారుమాట లేకుండా తీర్మానం రాశాం. మలుపు దగ్గర జనం దాటడానికి తెల్లగీతలు వేయాలి, దానికి ఇటూ అటూ లారీల జోరు తగ్గేలా రోడ్డుకు అడ్డంగా కట్ట కట్టాలి అని.

సంగారెడ్డి నుంచి రోడ్ల ఇంజినీరు వచ్చాడు. కోస్తా మనిషి, మర్యాదస్తుడు. "చూడండమ్మా, హైవే మీద కట్ట అంటే పైవాళ్ళు ఒప్పుకోరు. ముందు గీతలు వేయించండి. పది రోజుల తర్వాత నేనే వచ్చి చూస్తాను. జనం ఆ గీతల మీదే దాటుతుంటే కట్టకు రాస్తాను. ఎవరూ దాటకపోతే అక్కడ అవసరం లేదని రాయాల్సి వస్తుంది. తర్వాత మళ్ళీ అడిగినా లాభం ఉండదు" అన్నాడు.

రంగు రాలేదు. సున్నంతోనే వేశాం. గీతలు వేసిన నాడు పటేలు పండగ చేశాడు. కొత్త లారీ వచ్చినా, బోరు వేసినా ఎట్లా చేస్తారో అట్లానే చేశాడు. గీతలకు పసుపు కుంకుమ చల్లించాడు. నాలుగు మూలలా నిమ్మకాయలు కోసి పెట్టించాడు. కొబ్బరికాయ కొట్టి, ఊదుబత్తీలు వెలిగించి దండం పెట్టాడు. నేను చర్చికి పోయేదాన్ని, ఓ పక్కగా నిలబడి ఇదంతా ఎప్పుడైపోతుందా అనుకుంటూ చప్పట్లు కొట్టాను. ఒక్కరికన్నా అనుమానం రాలేదు. నాకు అసలే రాలేదు.

ఆ మర్నాటి నుంచి గీతల మీద ఎవరూ కాలు పెట్టలేదు.

మొదటి రోజు కొత్త అనుకున్నాను. రెండో రోజు చెప్పి చూశాను. మూడో రోజు నుంచి తిట్టడం మొదలుపెట్టాను. ఆడవాళ్ళు గంపలతో గీతల దాకా వచ్చేవాళ్ళు, ఒక్క క్షణం ఆగేవాళ్ళు, కొందరు దండం కూడా పెట్టేవాళ్ళు. తర్వాత పక్కకు తిరిగి, మలుపు ఇంకా ఇరుకైన చోటికి పోయి, లారీల మధ్య నుంచి ఉరికేవాళ్ళు. సైకిలు వాళ్ళూ అంతే, దిగి చుట్టూ తిరిగి పోయేవాళ్ళు. గీతలు వేసి మేమే జనాన్ని ఇంకా అపాయంలోకి తోసినట్టయింది. "నేన్ చెప్పలే సిస్టరమ్మా? మనోళ్ళకు ఎంత చేసినా అంతే" అన్నాడు పటేలు.   బదులు దొరకకపోతే నాకు కోపం రెండింతలవుతుంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం బస్వమ్మ తిండికి వస్తోంది. ఏడో నెల, నడుం మీద చేయి వేసుకుని నడుస్తోంది. గీతల దాకా వచ్చి, అందరిలాగే పక్కకు తిరిగింది. బీదర్ బస్సు మలుపు తిరిగింది. నేను అరిచాను. ఆ పిల్ల వెనక్కి పడింది, చీర కొంగును బస్సు ఒరుసుకుంటూ పోయింది. పరిగెత్తి లేపాను, కడుపు పట్టి చూశాను, నాడి చూశాను. ఏమీ కాలేదు. 

ఇంటికి తీసుకుపోయి మంచం మీద పడుకోబెట్టి నారమ్మ మీద విరుచుకుపడ్డాను. "రోడ్డు గురించి నా చేతులు పట్టుకొని అడిగింది నువ్వు గాదా? ఊరంతా తిరిగి, పటేలుతోని కొట్లాడి, గీతలు ఏయిస్తే మీకు దాని మీద కాలు పెట్ట బుద్ధి గాదా? మీ కాళ్ళేమన్న అరిగిపోతయా?"

నారమ్మ కూతురి కొంగుకు అంటిన మట్టి దులిపింది. తర్వాత మెల్లగా అంది. "ఎట్ల తొక్కుతమమ్మా? అది ఆయన పేరు మీద ఏసిన ముగ్గాయె."

"ముగ్గా?"

"పానం పోయిన జాగల సర్కారోళ్ళు శాంతి చేయించిన్రు. పసుపు కుంకుమ చల్లిన్రు, నిమ్మకాయలు కోసిన్రు, కొబ్బరికాయ కొట్టిన్రు. పటేలంతటాయన దండం పెట్టిండు. ఊరందరు చూసిన్రు. వాండ్ల ఇంటి మనిషి మీదికెళ్ళి నడుస్తరా అని మా మీద మర్యాదకు అందరు చుట్టు తిరిగి పోతున్నరు. నేనెట్ల తొక్కుత? ఆయన ఎదను తొక్కినట్టు గాదా?"

నేను అక్కడే గడప మీద కూలబడ్డాను. వారం రోజులు ఊరందరినీ మూర్ఖులని తిట్టాను. వాళ్ళు చనిపోయిన మనిషికి మర్యాద చేస్తున్నారు. మాలో ఎవరికీ లేని మర్యాద. నా అంత బుద్ధిలేని మనిషి ఇంకొకరు లేరనిపించి ఏడుపొచ్చింది, ఏడ్చాను. నారమ్మ నాకు నీళ్ళు తెచ్చిచ్చింది.

"అది ముగ్గు కాదు నారమ్మా" అన్నాను చివరికి. "మనుషులు నడిచేటందుకు ఏసినం. రేపు ఇంజినీరొస్తడు. ఎవరు నడవకుంటే ఇగ అక్కడ కట్ట రాదు. లారీలు గట్లనే పోతయ్. పిల్ల గట్లనే దాటాలె."

"ముగ్గు గాకుంటే కొబ్బరికాయ ఎందుకు కొట్టిన్రు?" అని అడిగింది. 

ఆమె కూతురి కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు ఒత్తసాగింది. ఒత్తుతూ ఒత్తుతూ చేయి ఆపింది. "ఆయన పొద్దంత గడ్డి కోసి, సైకిల్ తొక్కి వచ్చేటోడు. ఈపు నొస్తుందని బోర్ల పండి, గీ పిల్లను ఈపెక్కి నడువుమనెటోడు. చిన్నగున్నప్పటిసంది. లగ్గం ముందటి రోజు గూడ నడిచింది" అంది. మళ్ళీ ఒత్తడం మొదలుపెట్టింది.  

పదో రోజు పొద్దున ఇంజినీరు జీపు దిగి చింతచెట్టు నీడన నిలబడ్డాడు. పటేలు, గురులింగప్ప, నేను పక్కనున్నాం. పావుగంట గడిచింది. ఎనిమిది మంది చుట్టూ తిరిగి పోయారు. ఇంజినీరు కాగితం తీశాడు. జాలిగా నా వైపు చూశాడు, ఆ జాలికి నాకు చచ్చిపోవాలనిపించింది.

అప్పుడు నారమ్మ వచ్చింది, కూతురి చేయి పట్టుకుని. కొట్టానికి పోయే ఆడవాళ్ళందరూ వాళ్ళ వెనక ఆగిపోయారు. నారమ్మ చెప్పులు విడిచి చేతిలో పట్టుకుంది. బస్వమ్మ చేత కూడా విడిపించింది. వంగి మొదటి గీతను తాకి కళ్ళకద్దుకుంది.

"నువ్వు ముందు నడువు" అంది కూతురితో.

బస్వమ్మ పాదం పెట్టింది. ఒక గీత, రెండు గీతలు. బొంబాయి నుంచి వస్తున్న లారీ కీచుమని ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి అరవబోయి, గీతల చివర మిగిలిన పసుపు కుంకుమ, చేతిలో చెప్పులు, నిండు కడుపు చూసి నోరు మూసుకున్నాడు. ఇంజను కట్టేశాడు. అటువైపు ఇంకో లారీ వచ్చి ఆగింది. ఆ రోడ్డు మీద అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

నడుమకు వచ్చాక బస్వమ్మ ఆగిపోయింది. "అమ్మా, నాయినకు బరువైతనేమోనే. ఇప్పుడు ఒక్కదాన్ని గాదు" అంది.

"ఇద్దరు నడుస్తే ఇంకా మంచిది బిడ్డా. నొప్పులన్ని పోతయ్. మెల్లగ నడువు" అంది నారమ్మ.

వాళ్ళ వెనక అందరూ చెప్పులు చేతిలోకి తీసుకున్నారు. ఇంజినీరు లెక్కపెట్టడం మరిచిపోయాడు. "చెప్పులు ఎందుకమ్మా విప్పుతున్నారు?" అని నన్నడిగాడు.  నా పక్కన పటేలు తన చెప్పులు విడిచి, రెండు లారీల మధ్య నుంచి నడిచి, ఆడవాళ్ళ వరసలో ఆఖరున నిలబడ్డాడు.