తడి ఆరని వంకాయలు

“చూసింది చాల్లే, ఇక అవి కోసి పొయ్యి మీద పడెయ్యి,” అంది అత్తగారు. బుట్టలోని మూడు వంకాయల్లో అప్పటికి ఒక్కటే కాన్వాసు మీదికి ఎక్కింది. కోడలు కుంచె పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, అప్పటిదాకా కళ్ళార్పకుండా చూసిన కాయల్ని తనే నాలుగేసి ముక్కలు చేసింది.

పెరట్లో ఆ మొక్కలు నాటింది ఆమే. నీళ్ళు పోసేదీ, పురుగులు ఏరేదీ ఆమే. ఇంటికొచ్చినవాళ్ళకి భర్త చూపించేది మాత్రం “మా తోట”. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎన్ని బుట్టల వంకాయలు తరిగిందో గానీ, పుచ్చు ఉందా లేదా అని తప్ప ఒక్కదాన్నైనా తిన్నగా చూసిన పాపాన పోలేదు. ఆయిల్ పెయింటింగ్ నేర్పే టీచరమ్మ మొదటిరోజే అడిగింది, “వంకాయ ఏ రంగండీ?” అని. “ఊదా,” అంది తడుముకోకుండా. “ఇంటికెళ్ళి చూసి రండి,” అంది టీచరమ్మ. చూసింది. తొడిమ కింద తెలుపు, వంపు మీద ఆకాశం, టమాటా ఆనుకున్న వైపు ఎరుపు. ఇన్నేళ్ళూ తన చేతుల మీదుగానే పోయాయి ఇవన్నీ! ఏడుపొచ్చింది. వంకాయని చూసి ఏడ్చానంటే నవ్విపోతారని ఉల్లిపాయల మీదకి నెట్టేసింది.

అందుకే మడి పక్కన బుట్ట, అందులో కాయలు, వెనక బీరపాదు, వేస్తే ఇదే వేస్తానని పట్టుబట్టింది. నూనె రంగులకి తొందరుండదు. ఒక పూత ఆరితేగాని ఇంకో పూత వెయ్యకూడదు, అది ఆరడానికి రోజులు పడుతుంది. ఇంటికేమో పూటకో కూర కావాలి. పూత ఆరేలోపు బుట్ట కాస్తా కంచాల్లోకి వెళ్ళిపోయేది. మళ్ళీ కొత్త కాయలు కోసి, పాతవాటి వంపు వచ్చేదాకా తిప్పి తిప్పి పెట్టుకునేది. “ఈ వయసులో బొమ్మలాటలా?” అని భర్త నవ్వేవాడు. అయినా బొమ్మ కుదురుతోంది. ఆ ఇంట్లో ఆమె చేత్తో చేసి, ఎవరి కడుపులోకీ పోకుండా నిలవబోతున్నది అదొక్కటే.

ఒక సాయంత్రం చూస్తే బొమ్మ ఉండే స్టాండు ఖాళీ.

“మా మేనేజర్ గారు కొత్తింట్లో చేరారుగా, ఇచ్చొచ్చాను. ముట్టుకుని చూశాలే, ఆరింది. పేపర్లో శుభ్రంగా చుట్టి మరీ తీసుకెళ్ళా,” అన్నాడు భర్త, మెచ్చుకుంటుందేమోనని చూస్తూ. పైకి ఆరినట్టుంటుంది గానీ లోపలంతా తడే అని చెప్పబోయింది. అప్పటికే అతను టీవీ పెట్టేశాడు.

మర్నాడు ఆఫీసు నుంచి వస్తూనే ఎగిరిపడ్డాడు. పేపరు బొమ్మకి అతుక్కుపోయిందట. పీకితే వంకాయల నిండా వార్తలేనట.

“పదిమందిలో నా పరువు తీశావు! ఆరలేదని ఒక్క ముక్క చెప్పి ఏడవచ్చుగా!”

“పాపం, వాడు నీ గొప్ప చెప్పుకుందామనే కదే తీసుకెళ్ళాడు,” అని అత్తగారు అందుకుంది.

ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అయ్యో, నీ బొమ్మ పాడైపోయిందే అని ఒక్కరైనా అంటారేమోనని. అనలేదు.

భర్త అప్పటికే మేనేజరు భార్యకి ఫోన్ కలిపి, స్పీకరు నొక్కి, ఆమె చేతిలో పెట్టాడు. “సారీ చెప్పు. ఇంకోటి వేసిస్తానను,” అన్నాడు గొంతు తగ్గించి.

“పర్లేదులెండి, తెలియక జరిగింది,” అంటోంది అవతలావిడ. “ఎంతో ఇష్టంగా ఇచ్చారు...”

“నేనివ్వలేదండీ,” అంది ఆమె. “మా ఆయన నాకు చెప్పకుండా ఎత్తుకెళ్ళారు. ఎలా ఉన్నా సరే, నా బొమ్మ నాకు పంపించెయ్యండి.”