గొంతు మార్చి చదివిన పాఠం

పదో తరగతికి ఇంగ్లీషు చెప్పే టీచరు ఆ నవలను పట్టుబట్టి పాఠంగా పెట్టించింది. మనుషులను కొని అమ్మిన రోజుల నాటి అమెరికా కథ అది. నల్లవాళ్లను తిట్టే ఒక మాట అందులో పేజీ పేజీకీ వస్తుంది. రచయిత ఆ తిట్టును మెచ్చి రాయలేదనీ, అనేవాళ్ల బుద్ధిని ఉన్నదున్నట్టు చూపించాడనీ టీచరు నమ్మకం. మొదటి రోజే పిల్లలకు ఆ సంగతి చెప్పింది. తర్వాత తనే గొంతు మార్చి మార్చి నాటకంలా చదివింది. కథలోని తెల్లదొర గొంతుతో ఆ మాట అన్నప్పుడల్లా పిల్లలు పగలబడి నవ్వారు. పాఠం బాగా పట్టిందని ఆమె మురిసిపోయింది.

మూడో వారంలో హెడ్మాస్టరు కబురు పెట్టాడు. వెళ్లేసరికి బల్లకు ఇవతల ఒక నర్సు కూర్చుని ఉంది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, మెడలో ఆసుపత్రి కార్డు అలాగే వేలాడుతోంది. పక్కనే ఆమె కూతురు, మూడో బెంచీ అమ్మాయి, తల వంచుకుని నిలబడింది.

నర్సు నవలను బల్ల మీద పెట్టింది.

"టీచరుగారూ, మా అమ్మాయి నలుపు. ఇన్నాళ్లూ నల్లదని దాని మొహం మీద ఎవరూ అనలేదు. ఇప్పుడు మెట్ల మీద, కుళాయి దగ్గర ఈ పుస్తకంలోని తిట్టుతోనే పిలుస్తున్నారట. అదీ మీరు చదివే గొంతుతో."

"ఎవరమ్మా?" అని టీచరు అమ్మాయిని అడిగింది.

"ఎవరైతేనేం? ఇది పైదాకా వెళ్తే నా తల ప్రాణం తోకకొస్తుంది. సాయంత్రానికల్లా కాపీలన్నీ బీరువాలోకి పోవాలి" అన్నాడు హెడ్మాస్టరు.

పుస్తకాన్ని వెనకేసుకు రావాలని టీచరు నోరు తెరిచింది. పిల్లలను నవ్వించిన తన గొంతే చెవుల్లో మోగింది.

"తప్పు పుస్తకానిది కాదు సార్, నాది. ఆ మాటని నవ్వులాట చేసింది నేనే."

"ఎవరిదైతే ఏం, దెబ్బ తగిలింది మా పిల్లకి" అంది నర్సు.

అప్పుడు అమ్మాయి తలెత్తింది. "బీరువాలో పెట్టకండి సార్. నా వల్లే తీసేశారని ఇంకో పేరు పెడతారు. నేను చివరిదాకా చదివేశాను. రేపు క్లాసులో నేను చదువుతాను."

"నీకేమన్నా పిచ్చా?" అంది తల్లి.

"ఒక్క రోజే అమ్మా."

హెడ్మాస్టరు చాలాసేపు నసిగి, తానూ వచ్చి కూర్చుంటానన్న షరతుతో ఒప్పుకున్నాడు.

మర్నాడు అమ్మాయి బల్ల ముందు నిలబడింది. తల్లినొకరికీ బిడ్డనొకరికీ వేలంలో అమ్మేసే ఘట్టం అది. గొంతు నిలకడగానే ఉంది. ఆ మాట దగ్గరికి రాగానే ఆగి, చివరి బెంచీలో వాగుడుకాయ అని పేరుపడ్డ కుర్రాడి వైపు చూసింది.

"ఇది నువ్వు చదువు. నన్ను చూసి చదువు."

వాడు లేచాడు. నవ్వేవాళ్ల కోసం అటూ ఇటూ చూశాడు. ఎవరూ నవ్వలేదు. వాడి పెదవులు కదిలాయి. నిజంగానే అనేస్తాడేమోనని టీచరు ఒక అడుగు ముందుకేసింది. హెడ్మాస్టరు కుర్చీలోంచి సగం లేచాడు.

"నేను చదవను" అన్నాడు వాడు, వినీ వినపడకుండా.

"మెట్ల మీద బాగానే వచ్చిందిగా."

వాడి చెవులు ఎర్రబడ్డాయి. అమ్మాయి ఇక రెట్టించలేదు. ఆ మాట ఉన్న చోటల్లా ఒక క్షణం ఆగుతూ పేజీ పూర్తి చేసింది.

నవల పాఠంగా మిగిలింది. ఆ తిట్టు గురించి చాలా మాట్లాడుకున్నారు గానీ దాన్ని ఎవరూ పైకి చదవలేదు. వాగుడుకాయ క్షమాపణ చెప్పలేదు, కానీ ఆ పిలుపు మాత్రం ఆగిపోయింది.

నెల తర్వాత తల్లిదండ్రుల సమావేశంలో టీచరు నర్సు దగ్గరికి వెళ్లింది. "మీ అమ్మాయి ఎంత ధైర్యవంతురాలండీ" అంది.

"దానికంత ధైర్యం అవసరమే రాకుండా చూడాల్సింది" అంది నర్సు.

"అవునండీ" అంది టీచరు.