గ్లాసులో నీళ్లు ఎవరు తాగారు

సరుకు తగ్గిన రోజున కొట్లోకి ఎవరొచ్చారో చూసుకోవాలి, మిగతా విచారణంతా దండగ. సైగాన్ బజారులో నీటి పంపులు, గొట్టాలు అమ్ముతూ లువాన్ నేర్చుకున్న సూత్రం అది. మేడమీద తను కాచే బీరుకీ అదే సూత్రం వేశాడు. లెక్క తిన్నగా వెళ్లి ఖాంగ్ దగ్గర ఆగింది. ఖాంగ్ అతని భార్య హాన్‌కి తమ్ముడు, ఈ బీరులో సగం వాటాదారు.

వరసగా రెండు కాపులు, అంటే రెండుసార్లు కాచిన బీరు, పాడయ్యాయి. డ్రమ్ములో పులిసేటప్పుడు మామిడిపండులా ఘుమఘుమలాడిన బీరు, పీపాలోకి వచ్చేసరికి కషాయం రంగుకి తిరిగి, వానకి తడిసిన అట్టపెట్టె వాసన వేసింది. అది గాలి తగిలిన బీరు లక్షణం. గాలి తగలకూడదనే మూత బిగించి, డ్రమ్ము నుంచి వచ్చే గొట్టం కొసని గ్లాసుడు నీళ్లలో ముంచి ఉంచుతారు. పులిసేటప్పుడు లోపల పుట్టే గ్యాసు బుడగలై బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు.

రెండుసార్లూ ఆ గ్లాసు ఖాళీ అయింది. రెండుసార్లూ ఖాంగ్ వచ్చిన రోజే. మడ్డి అడుక్కి దిగాలని అతను పొద్దున్నే వచ్చి, డ్రమ్మున్న పాత ఫ్రిజ్ మీటని బాగా చల్లబడేలా తిప్పి పనికి పోయేవాడు. సాయంత్రానికి గ్లాసు పొడి.

రెండోసారి, ఖాంగ్ దొంగచాటుగా తాగుతున్నాడేమోనని లువాన్ ముందే మూత ఎత్తి, బీరు ఎంత ఉందో చూసుకుని, చుట్టూ ఎర్ర టేపు అంటించాడు. టేపు చెక్కు చెదరలేదు. అయితే గొట్టం ఊడదీసి అందులోంచి పీల్చుకుని ఉంటాడు, అనుకున్నాడు.

"గ్లాసులో నీళ్లేమయ్యాయిరా?"

"ఎండకి ఆవిరయ్యుంటాయి బావా."

"ఫ్రిజ్ వెనక నీడలో ఎండెక్కడిది?"

"అయితే దాహమేసి నేనే తాగాను. ఇదిగో నీ మేడ తాళంచెవి."

ఖాంగ్ నవ్వుతూనే ఇచ్చాడు. కానీ అక్క వడ్డించిన చేపల పులుసు ముట్టకుండా బండెక్కాడు.

బిక్ అక్క నడిపే బార్లో బీరు పోసే కుళాయి ఒకటి ఖాళీగా ఉంది. "నెలాఖరు శనివారం తీసుకురా తమ్ముడూ. బాగుంటే కుళాయి నీది. మళ్లీ అట్టముక్క నానబెట్టిన నీళ్లు తెచ్చావా, వచ్చిన దారంతా పారబోసుకుంటూ పో," అందామె. ఖాంగ్ ఈమధ్య అక్కడే కూర్చుంటున్నాడని లువాన్‌కి తెలిసింది. వాటాదారుని ముంచి పక్క వీధిలో సొంత కొట్టు తెరిచినవాళ్లని అతను చాలామందిని చూశాడు.

మూడో కాపు ఒంటరిగా కాచాడు. పులవడం అయ్యాక ఫ్రిజ్ మీట తనే తిప్పి, గ్లాసు ఎదురుగా పీట వేసుకుని కాపలా కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. కాసేపటికి గ్లాసులో నీళ్లు వాటంతటవే గొట్టంలోకి పాకడం మొదలైంది.

లువాన్ నోరు తెరుచుకుని చూశాడు. చల్లబడే కొద్దీ డ్రమ్ము లోపలి గ్యాసు ముడుచుకుంటోంది, ముడుచుకున్న మేరకి డ్రమ్ము బయటనుంచి లాక్కుంటోంది. ముందు నీళ్లు, వాటి వెనకే గాలి. పొద్దస్తమానం నీళ్లు పీల్చే గొట్టాలమ్మేవాడు అతను. గబుక్కున గొట్టం మడిచి పట్టుకున్నాడు.

"దొంగ దొరికాడా?" మెట్ల మీంచి అడిగింది హాన్.

"నీ తమ్ముడికి ఫోన్ చెయ్యి. నా చేతులు ఖాళీ లేవు."

ఖాంగ్ పుట్టినరోజులకి కట్టే వెండిరంగు బెలూన్ ఒకటి ఉబ్బించి పట్టుకొచ్చాడు.

"దీన్ని గొట్టానికి తగిలించు. ఇక డ్రమ్ము గాలికి బదులు దీన్ని పీలుస్తుంది."

"ఇందులో ఏముంది?"

"నా డ్రమ్ము పులుస్తుంటే పట్టిన గ్యాసు."

"నీకు వేరే డ్రమ్ముందా?"

"తాళంచెవి నీకిచ్చేశాక చేతులు కట్టుకు కూర్చోమన్నావా? నా గదిలో నేనొక్కణ్ణే బావా. అక్కడా గ్లాసు ఖాళీ అయింది. నన్ను నేను అనుమానించుకోలేక, ఎందుకా అని ఆలోచించాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే నమ్మేవాడివా?"

లువాన్ బెలూన్ వంక చూశాడు. అందులో ఉత్త గాలి ఉంటే తన బీరు పోతుంది, ఆ కుళాయికి ఖాంగ్ బీరు ఎక్కుతుంది. బేరం ఎటునుంచి చూసినా ఖాంగ్‌కే లాభం. ఇటు గొట్టం పట్టుకున్న వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి.

"తగిలించు," అన్నాడు.

బెలూన్ మెల్లగా ముడతలు పడింది. శనివారం దాకా లువాన్ సరిగా నిద్రపోలేదు.

బిక్ అక్క గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూసింది. పసుపురంగు ఎక్కడా చెడలేదు. వాసన చూసింది, తాగింది, మళ్లీ తాగింది.

"ఎవరు కాచారు?"

"మేమిద్దరం," అన్నాడు లువాన్, తాళంచెవి ఖాంగ్ జేబులో వేస్తూ.

తరవాతి కాపు పులుస్తుండగా లువాన్ మేడెక్కితే, మూత చుట్టూ కొత్త ఎర్ర టేపు, దానిమీద ఖాంగ్ సంతకం.

"ఇదెందుకురా?"

"ఆ రెండో కాపప్పుడు, నేను తాగుతానేమోనని మూత తీసి గాలి తగలనిచ్చింది నువ్వే కదా. మా అక్క చెప్పింది."

లువాన్ టేపు అంచుని గోటితో ఒకసారి గీకి చూశాడు. గట్టిగానే అంటుకుని ఉంది.