మా అమ్మకు ఇల్లుంది

పొద్దున లేచి నేను చేసే మొదటి పని, ఎవరూ లేని ఇంటికి వెళ్ళి అది వెచ్చగా ఉందో లేదో చూడటం. నాలుగు వందల పన్నెండో నంబరు ఇల్లు. నాకు జీతమే దానికి. బాయిలర్ ఆడుతోందా, ట్యాంకులో నూనె ఎంతుంది, గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టాయా, అన్నీ చూసి కాగితం మీద టిక్కులు పెట్టాలి. రెండు పడగ్గదులు, సోఫా, ప్లాస్టిక్ కవరైనా విప్పని కొత్త పరుపు. దక్షిణాది పట్నాల నుంచి మా ఉత్తర ధ్రువపు ఊరికి వచ్చే టీచర్ల కోసం కట్టారు దాన్ని. ఆఖరున వచ్చినాయన క్రిస్మస్ సెలవులకని విమానం ఎక్కాడు, మళ్ళీ మొహం చూపించలేదు. మొన్నటి జనవరికి ఇల్లు ఖాళీ అయి పదమూడు నెలలు. బయట మైనస్ నలభై, లోపల ఇరవై ఒకటి. ఆ ఇంటికి చేసినంత సేవ నేను కట్టుకున్నదానికి కూడా చెయ్యలేదు.

దాని పక్కదే మా ఇల్లు. మూడు గదులు, పదకొండు మందిమి. మంచం ఖాళీ అయితే పడుకోవడం, లేకపోతే వంట గదిలో కూర్చుని ఎవరు లేస్తారా అని చూడటం.

ఆ పదకొండు మందిలో మా అమ్మ ఒకతి. పేరు లీతియా, వయసు ఇరవై ఆరు. నాకు యాభై ఎనిమిది. లెక్క తప్పిందనుకోకండి. మా అమ్మ పోయిన మూడు వారాలకు మా చెల్లి సియాసికి ఆడపిల్ల పుట్టింది. అమ్మ పేరే పెట్టాం, అంటే అమ్మ తిరిగొచ్చింది. మాలో అంతే. ఆ పిల్ల మాటలు నేర్చిన రోజు నుంచి నన్ను "ఒరే అబ్బాయ్" అంటుంది, నేను "అమ్మా" అంటాను. వేటకెళ్ళి దుప్పిని కొట్టుకొస్తే నాలుక ముక్క ముందు ఆమెకే.

"ఒరే అబ్బాయ్, ఆ చొక్కా ఎన్నాళ్ళైందిరా ఉతికి?" అంటుంది టీ తాగుతూ.

"మొన్ననే కదమ్మా."

"మొన్నంటే ఏ ఏడాది?"

ఇంటిల్లిపాదీ నవ్వుతారు. నాకదే సుఖం.

లీతియా ఇకాలూయిట్ పట్నంలో నాలుగేళ్ళు టీచరు చదువు చదివి ఆగస్టులో ఊరికొచ్చింది. ఒకటో తరగతి ఇచ్చారు. మా ఊళ్ళో పుట్టి, మా మాటతో మా పిల్లలకు చదువు చెప్పే మొదటి టీచరు. వెళ్ళిపోయిన పెద్దమనిషి ఆనీ అనే పిల్ల గురించి కాగితం రాసి పోయాడు, ఈ పిల్ల దేనికీ జవాబు చెప్పదు, పరీక్ష చేయించండి అని. లీతియా ఒక్క పూట కూర్చోబెట్టుకుని చూసింది.

"జవాబు చెప్తూనే ఉందిరా అబ్బాయ్. అవునంటే కనుబొమలెత్తుతోంది, కాదంటే ముక్కు ముడుస్తోంది. ఆయన దాని మొహం చూస్తేగా."

మాలో పసిపిల్లకు కూడా తెలిసిన సంగతి. ఏడాది పాటు ఆ పిల్ల జవాబులు గాల్లో కలిసిపోయాయి. అక్టోబరు కల్లా ఆనీ చదువుతోంది, మా అక్షరాలు, గడగడా. బడికి రానన్న పిల్లలు తలుపు తియ్యకముందే వచ్చి మంచులో నిలబడుతున్నారు.

కానీ రేపటి పాఠం రాసుకోవడానికి లీతియాకు ఇంట్లో బల్ల లేదు. బట్టలుతికే మెషీన్ మీద రాసుకునేది. మెషీన్ తిరిగితే అక్షరాలు కూడా తిరిగేవి. నిద్ర చాలక నవంబరులో రెండుసార్లు తరగతిలోనే తల వాల్చేసింది.

"ఇలా అయితే జూన్ దాకా లాగలేను. పక్కనే ఇల్లు ఖాళీ. అడుగుదాం" అంది.

అడిగాం. ఊరివాళ్ళకు ఆ ఇళ్ళివ్వరు, బయటి నుంచి వచ్చినవాళ్ళకే. అయితే నాలుగేళ్ళు వేరే ఊళ్ళో ఉండి వచ్చింది కాబట్టి, ఇక్కడ తనకంటూ చోటు లేకపోతే ఇవ్వొచ్చని హెడ్మాస్టరు దరఖాస్తు రాసి పంపాడు. పైవాళ్ళు వచ్చి విచారించుకుంటామన్నారు.

ఫిబ్రవరిలో వచ్చారు, ఐదుగురు. ఉత్తరాది పల్లెల్లో చదువులూ సేవలూ ఎలా బాగుచెయ్యాలో మా నోటితో వినడానికట. బడి హాల్లో మీటింగు, రొట్టె, చేప, టీ. రెండేళ్ళ కిందట వచ్చినవాళ్ళు అడిగిన ప్రశ్నలే అడిగారు. మేం కూడా అప్పటి జవాబులే చెప్పాం, మారడానికేముంది. విమానం ఇంజను చల్లబడకముందే వెళ్ళాలని ఒకాయన గడియారం చూసుకుంటూనే ఉన్నాడు.

వాళ్ళలో లోరెయిన్ అనే ఆవిడ ఇళ్ళ సంగతి చూసే అధికారి. మంచి మనిషి, అదే నా కడుపుమంట. దుర్మార్గురాలైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. తాళాలు నా దగ్గరుంటాయి కాబట్టి నా దగ్గరికే వచ్చింది, ఇళ్ళడిగినవాళ్ళ పేర్లు మాత్రమే ఉన్న కాగితం పట్టుకుని.

"పిటా గారూ, లీతియా మీ ఇంట్లోనే ఉంటోందటగా. మీకేమవుతుంది?"

"మా అమ్మ" అన్నాను.

ఆవిడ నవ్వింది. "ఈ ఊళ్ళో ఆమెకు ఉండటానికి చోటుందా మరి?"

చుట్టూ అందరూ వింటున్నారు. మా అమ్మకు చోటు లేదని పదిమందిలో ఏ కొడుకంటాడు? "లేకపోవడమేంటండీ. మేముండే ఇల్లే ఆవిడది. ఆవిడ ఉండనిస్తే నేనుంటున్నా" అన్నాను. హాలంతా నవ్వారు. నేను ఛాతీ విరుచుకున్నాను. లోరెయిన్ రాసుకుంది.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. దరఖాస్తుదారుకు ఊరిలో సొంత ఇల్లున్నందున కుదరదని. లీతియా నిలబడే చదివింది.

"ఏం చెప్పావురా అబ్బాయ్?"

చెప్పాను. ముందు పకపకా నవ్వింది. తర్వాత మెషీన్‌కు చేరబడి నేల మీద కూర్చుండిపోయింది.

నేను హెడ్మాస్టరు గదిలోంచి లోరెయిన్‌కు ఫోన్ చేశాను.

"అంటే ఆమె మీ తల్లి కాదా?" అంది.

"తల్లే."

"కన్నతల్లా?"

"కన్నది మా చెల్లెలు. నన్ను కాదు, ఆమెను."

అటునుంచి కాగితాలు తిరగేసిన చప్పుడు. "చూడండి పిటా గారూ, నాకు మీ పద్ధతుల మీద గౌరవం ఉంది. కానీ కాగితం మీద ఒక్కటే ఉండాలి. ఆమె మీ తల్లి కాదని, మీ చెల్లెలి కూతురని, మీ ఇంటి మీద ఆమెకు ఏ హక్కూ లేదని రాసి సంతకం పెట్టండి. మళ్ళీ పరిశీలిస్తారు."

ఈ సంగతి లీతియాతో చెప్పలేదు. చెబితే వద్దంటుంది. కాగితం రెండు రోజులు నా జేబులోనే ఉంది. ఆ రెండు రోజులూ నాలుగు వందల పన్నెండులో బాయిలర్ పక్కన కూర్చున్నాను. మా అమ్మ నన్ను వీపున మోసుకుని మంచులో నడిచిన మనిషి. ఆమెకు ఒక్క గది రావాలంటే ఆమె నాకేమీ కాదనాలి. మూడో రోజు సంతకం పెట్టాను. శుభ్రంగానే పెట్టాను.

ఏప్రిల్‌లో జవాబు వచ్చింది. మేనకోడలు కూడా దగ్గరి బంధువే, బంధువుల ఇంట్లో ఉండే వీలున్నందున కుదరదు. నేను సంతకం పెట్టిన కాగితం నకలు దాని వెనకే కుట్టి పంపారు. లీతియా మొదటిది చదివింది, తిప్పి రెండోదీ చదివింది. మడిచి కవర్లో పెట్టింది. ఆ రోజు నా చొక్కా గురించి ఏమీ అనలేదు.

మే నెలలో మా ఊరి ముందున్న అఖాతానికి అవతలి ఊళ్ళో ఉద్యోగం అడిగింది. అక్కడ ఆమె బయటి మనిషి కాబట్టి వారంలో ఇల్లిచ్చారు. రెండు పడగ్గదులు, బల్ల కూడా ఉందట. అక్కడి పిల్లలు అదృష్టవంతులు, నేను కాదనను. మా ఒకటో తరగతికి దక్షిణం నుంచి ఇంకో ఆయన వస్తాడన్నారు. ఆనీ వాళ్ళమ్మ నన్ను కొట్టులో చూసి మొహం తిప్పుకుంది. ఆవిడ తప్పు లేదు.

ఆగస్టులో విమానం దగ్గరికి పెట్టె నేనే మోసుకెళ్ళాను.

"అమ్మా, క్రిస్మస్‌కి వస్తావా?" అన్నాను.

కనుబొమలెత్తింది. వస్తానని. నా గుండె కాస్త కుదుటపడింది. మెట్ల దగ్గర ఆగి, నా కాలరు సర్దింది, ఎప్పుడూ సర్దినట్టే.

"ఒంట్లో జాగ్రత్త. వెళ్ళొస్తా మావయ్యా" అంది.

ఇరవై ఆరేళ్ళలో ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు. కోపంతో అనలేదు. కోపంతో అని ఉంటే బతిమాలుకునేవాణ్ణి. నేను సంతకం పెట్టి ఏమని రాసిచ్చానో, అలాగే పిలిచింది.

విమానం లేచింది. నేను తిన్నగా నాలుగు వందల పన్నెండుకు వెళ్ళి తలుపు తీశాను. కొత్త ఆయన రావడానికి ఇంకా పది రోజులుంది. లోపల ఇరవై ఒకటి. టిక్కు పెట్టాను.